నాయన కత్తి నూరిన నాలుగు రోజులు

ఒక చోట కుదురుగా కూర్చోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర నాకు చిన్న క్షౌరశాల ఉండేది. గిరాకీ లేకపోతే గడప దగ్గర నిలబడేవాణ్ణి, వచ్చే పోయే బస్సులు చూసేవాణ్ణి, లోపలికొచ్చి తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచేవాణ్ణి. గిరాకీ వస్తే ఇంకా ఘోరం. సబ్బు పూసుకోవడం వాళ్ల పని, గీసేయడం నా పని అన్నట్టు ఉంటానని మగ్గాల వీధి వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. కానీ నా చేయి తప్పు పోయేది కాదు. అందుకే గొణుక్కుంటూనైనా నా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఈ పనిలో నాకు రానిది ఒకటే, మంగలి కత్తి నూరడం. నేను పనిలో దిగేనాటికి సగం బ్లేడు తగిలించుకునే కత్తులు వచ్చేశాయి. మొద్దుబారితే ఆ ముక్క పారేసి ఇంకో ముక్క పెట్టుకోవడమే. నా స్వభావానికి అది బాగా సరిపోయింది. మా నాయన సంగతి వేరు. హాలహర్వి దగ్గరి మా పల్లెలో ఆయన బతికినన్నాళ్లూ ఒకే కత్తితో ఊరందరి తలలూ గడ్డాలూ చేశాడు. నల్లటి కొమ్ము పిడి, వెడల్పాటి రేకు, మెడ దగ్గర అరిగిపోయిన రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు. అందరూ దాన్ని జర్మనీ కత్తి అనేవాళ్లు. అది నిజంగా జర్మనీదో, బొంబాయిలో ఏ గల్లీలోనో చేసిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పదహారేళ్లప్పుడు ఒకసారి ఆ కత్తి నూరబోయాను. నాయన కాసేపు చూసి, నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నువ్వు కత్తిని నూరుతాండ్లేదురా, రాయిని తోముతాండావు. కుచ్చోను సేతనైన దినం రా, ఇస్తా" అన్నాడు.

నేను మళ్లీ పోలేదు. అడగడానికి నామోషీ, కోపం కూడా. తర్వాత ఎమ్మిగనూరు వచ్చి అంగడి పెట్టుకున్నాను. నాయన పోయే ముందు కత్తిని గుడ్డలో చుట్టి అమ్మ చేతికి ఇచ్చాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. అయినా నా చేతికి ఇవ్వలేదు. ఇన్ని తలలు చేసిన కొడుకుని పక్కన పెట్టుకుని, ఎన్నడూ కత్తి పట్టని ఆమెకు ఇచ్చాడే అని ఎనిమిదేళ్లు లోపల లోపలే ఉడికిపోయాను.

అమ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. ఏడాదికోసారి మహర్నవమి నాడు ఆయుధ పూజకు బయటికి తీసేది. పీట మీద నా కత్తెరలు, మిషన్లు, దువ్వెనలు వరసగా పేర్చి, అన్నిటికంటే ముందు నాయన కత్తి పెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, దండం పెట్టుకుని మళ్లీ గుడ్డలో చుట్టేసేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో నాకు కూతురు పుట్టింది. పుట్టడమే మెడ దాకా జుట్టుతో పుట్టింది. మా ఇళ్లలో పుట్టువెంట్రుకలు పదకొండో నెలలో తీయాలి, అది దాటితే మళ్లీ మూడో ఏడే. ఆ పదకొండో నెల సరిగ్గా నడివేసవిలో వచ్చిపడింది. పిల్ల తలంతా సెగగడ్డలు లేచాయి. రెండు చేతులతో గీరుకుని ఏడ్చేది, జుట్టు చీముకు అంటుకుపోయేది.

"ఇంటినిండా కత్తులు పెట్టుకోని బిడ్డని ఇట్ల ఏడిపిస్తారా ఎవురన్నా?" అని నా భార్య నన్ను కడిగేసింది.

ఆమె తప్పేమీ లేదు. అడ్డం ఉన్నదల్లా అమ్మ మొక్కు. కాన్పు కష్టమైన రోజు అమ్మ మంత్రాలయం స్వామికి మొక్కుకుంది. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడితే బిడ్డ పుట్టువెంట్రుకలు తుంగభద్ర ఒడ్డున తాత కత్తితోనే తీయిస్తానని. ఆ నెలలో స్వామివారి వారమైన గురువారం ఇక ఒక్కటే మిగిలింది, దానికి ఆరు రోజులుంది. శుక్రవారం పొద్దున అమ్మ గూట్లోంచి కత్తి తీసి, రెండు చేతులతో నాకు అందించింది. ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి అది నా చేతికి వచ్చింది.

కత్తి పనికొస్తుందో రాదో చెప్పడానికి నాకు పావుగంట చాలనుకున్నాను. అంగట్లో గుడ్డ విప్పాను. గుడ్డ పచ్చగా గట్టిపడి రేకుకు అంటుకుపోయి ఉంది. పీకితే పొట్టులాగా రాలింది. కింద ఎర్రటి తుప్పు. కొబ్బరినూనె పోసి తుడిచాను, బూడిదతో రుద్దాను. తోలుపట్టీ మీద పది సార్లు అటూ ఇటూ లాగాను. తర్వాత నాయన పద్ధతిలోనే పరీక్ష పెట్టాను. పసిబిడ్డ తల చేయాల్సిన రోజు ఆయన ముందు తన చెవి వెనక పొడిగా ఒక గీత గీసుకునేవాడు. అక్కడి చర్మం పసిబిడ్డ నెత్తి మీది చర్మమంత పలచన. కత్తి తగిలిన సంగతి తనకు తెలియకూడదు. తెలిసిందా, ఆ రోజు బిడ్డ తల ముట్టుకునేవాడు కాదు.

నాకు తెలియడం కాదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. మెడ మీదికి నెత్తురు కారింది. కత్తిని బల్ల మీద విసిరికొట్టాను. మరుక్షణం మళ్లీ చేతిలోకి తీసుకుని, ఎక్కడైనా విరిగిందేమోనని తిప్పి తిప్పి చూశాను.

ఆ సాయంత్రం అమ్మతో బేరం పెట్టాను. నాయన కత్తి ఒక్కసారి నెత్తికి తాకించి, మిగిలింది బ్లేడుతో తీసేస్తానన్నాను.

"దేవునికి సగం మాట ఇయ్యలేదు గదప్పా నేను" అంది అమ్మ. అంతే. పిల్ల లోపల ఏడుస్తూనే ఉంది.

శనివారం పొద్దున్నే ఆదోని బస్సెక్కాను. పత్తి మార్కెట్టు వెనక సందులో, రేకుల కింద, సాన పట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. సాయిబు తాత అనేవాళ్లు అందరూ. కాలితో తొక్కే సానచక్రం, చుట్టూ దర్జీల కత్తెరలు, కసాయివాళ్ల కత్తులు, జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన పొడుగాటి రేకులు. నా చేతిలోని మూట చూసి కూడా తలెత్తలేదు. ఒక కత్తెర, ఇంకో కత్తెర, ఆ తర్వాత బీడీ. నేను సందు చివరికి పోయి వస్తున్నాను, మళ్లీ పోయి వస్తున్నాను.

"కుచ్చో అప్పా. నీ నీడ పడతాంది, పోతాంది. నాకు పని కనపడల్ల" అన్నాడు.

చివరికి కత్తి చేతిలోకి తీసుకున్నాడు. చక్రం దగ్గరికి తీసుకుపోతాడనుకున్నాను. తీసుకుపోలేదు. ముందు పిడి తెరిచి మూసి, రేకును పిడికి పట్టి ఉంచే మొల వదులైందేమో చూశాడు. తర్వాత రేకును రెండు వేళ్ల మధ్య వేలాడదీసి గోటితో మీటాడు. ఖంగుమని సన్నగా మోగింది. చెవి దగ్గర పెట్టుకుని ఆ మోత ఆగేదాకా విన్నాడు.

"పాణం ఉండాది. పగులు లేదు. పగులుంటే సచ్చిన సప్పుడొస్తాది" అన్నాడు.

నిన్న నేను విసిరికొట్టిన సంగతి చెప్పలేదు. ఊపిరి మాత్రం వదిలాను.

తర్వాత కత్తి వీపు మీద, రెండు పక్కలా ఒకే తీరుగా అరిగిందా అని బొటనవేలితో తడిమాడు. "దీన్ని నూరినోడు మంచోడు. రెండు పక్కలా సమానంగా నూరినాడు" అన్నాడు. మా నాయన అన్నాను. తలాడించాడు. వేరుశనగ నూనెలో ముంచిన గుడ్డతో రేకును మెల్లగా తుడిచాడు. ఎర్ర తుప్పు కదిలి గుడ్డకు వచ్చేసింది. "ఎర్రది పైపైనే. దానికి భయం లేదు. నల్లది సూడాల" అంటూ కత్తిని ఎండలోకి పట్టాడు.

ఒక పక్క శుభ్రంగా ఉంది. రెండో పక్క ఐదు నల్లటి మచ్చలు కనిపించాయి. గుండ్రంగా, ఒక్కోటి శనగగింజంత, వరసగా, ఒకే ఎడంతో. కొన దగ్గరి రెండూ పైన ఉన్నాయి. పిడి వైపు వచ్చేకొద్దీ వరస కిందికి దిగి, చివరి మూడు మచ్చలు వాదర మీదికే వచ్చేశాయి. ఆ మూడు చోట్లా పదును ఉండాల్సిన అంచు పుచ్చిపోయి, జల్లెడ కళ్లలాగా ఉంది.

"ఇదేం తుప్పు తాతా? ఇట్ల లెక్క పెట్టినట్ల తింటాదా ఏడన్నా?" అన్నాను విసుగ్గా.

ఆయన నా ముఖం చూశాడు. "పూజలో పెడతారా దీన్ని?"

పెడతామన్నాను.

"తడి పసుపు. దాని మీద కుంకం బొట్టు. పక్కన నిమ్మకాయ రసం. తడి ఆరకముందే గుడ్డలో సుట్టడం. ఏడాది దాకా మళ్లీ తియ్యరు." కత్తిని మోకాలి మీద పెట్టుకున్నాడు. "దసరా అయిపోయినాక నెల దినాలు నాకు చేతినిండా పని అప్పా. కత్తెరలు, కొడవండ్లు, అన్నిటికీ ఇదే రోగం. నేను ఎవురికీ సెప్పను. ఎట్ల సెప్తాను? దేవుని పని గదా."

ఎనిమిది నవములు. ప్రతి ఏడూ అదే ఐదు చోట్ల, అదే ఉంగరం వేలితో, మా అమ్మ పెట్టిన బొట్లు. నాయనది ఆమెకు మిగిలిన వస్తువు అదొక్కటే. దాన్ని ఎవరి చేయీ తగలకుండా కాపాడుకుంటున్నాననుకుంది పాపం. అంత కోపిష్టివాణ్ణి, నాకు ఎవరి మీదా కోపం రాలేదు. భయమేసింది. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలి?

"బాగు చేసే కత్తేనా, కాదా? అది చెప్పు" అన్నాను.

"దేనికి కావాల నీకు?"

"నా బిడ్డ పుట్టెంటికలకి. గురువారం."

ఆయన మళ్లీ కత్తి తీసుకుని, ఈసారి చాలాసేపు చూశాడు. గడ్డానికైతే వద్దనేవాణ్ణి అన్నాడు. వాదర మొత్తం మచ్చల పైదాకా అరగదీయాలంటే కత్తి సగమైపోతుంది, దానికి విలువ లేదు. కానీ కొన వైపు సగం బతికే ఉంది. అక్కడి రెండు మచ్చలూ పైనే ఆగిపోయాయి. పసిబిడ్డ చిన్న తలకు ఆ ముందు సగం చాలు. వెనక సగాన్ని మొద్దు చేసేసి చచ్చినట్టే వదిలేయాలి.

"అయితే పెట్టు సక్రం మీద" అన్నాను.

"సక్రం మీద పెడితే వేడికి రేకు మెత్తబడిపోతాది. సేత్తోనే నూరాల, రాయి మీద. నాలుగు దినాల పని. నా కండ్లు పోయినాయి. నువ్వే నూరాల."

నాకు రాదని చెప్పడానికి నోరు రాలేదు. అంగడి పెట్టుకుని గడ్డాలు గీసేవాణ్ణి. ముఖం చూసి ఆయనకే అర్థమైంది. నున్నటి రాయి ఒకటి తీసి నా ముందు పెట్టి, నా చేతిని పట్టుకుని నాలుగుసార్లు నడిపించాడు. వాదర ముందు, వీపు వెనక, రెండూ రాయికి ఆని ఉండాలి. అటు ఒకటి, ఇటు ఒకటి.

"అదుమద్దు. కత్తి బరువే సాలు. నీ బరువు వద్దు" అన్నాడు. రాయిని నా గుడ్డలోనే మూటగట్టి, పని అయ్యాక తెచ్చిమ్మన్నాడు.

ఆదివారం నుంచి బుధవారం దాకా అంగడి తెరవలేదు. ఇంటి వెనక వసారాలో చాప వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు నరకం. ఇరవై సార్లు లాగేసరికి కాళ్లు వాటంతటవే లేవబోయేవి. లేచి నీళ్లు తాగి వచ్చేవాణ్ణి. వచ్చాక ఏ పక్క ఆపానో గుర్తుండేది కాదు. చేయి తెలియకుండా అదిమేది, రాయి గరగరమనేది. లోపల పిల్ల ఏడ్చినప్పుడల్లా చేయి ఇంకా వేగంగా పోయేది. అప్పుడు ఆపేసి, కత్తి తుడిచి, మళ్లీ అటు ఒకటి, ఇటు ఒకటి. రాయిని తోముతున్నావని నాయన ఎందుకన్నాడో ఆ రోజు నాకు తెలిసింది. తెలిసి సిగ్గేసింది.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మ మజ్జిగ తెచ్చి పక్కన కూర్చుంది.

"ఏమైంది దానికి?"

"ఏం లేదు. వాడక మొద్దుబారింది, అంతే" అన్నాను. మచ్చల పక్క ఆమెకు కనబడకుండా కత్తి తిప్పుకున్నాను. ఆమె కాసేపు నా చేతులనే చూసి, లోటా తీసుకుని వెళ్లిపోయింది. చెబితే ఏమవుతుంది అని ఒక మనసు. ఎనిమిదేళ్ల పూజనంతా తుప్పు అని ఏ నోటితో చెబుతావు అని ఇంకో మనసు. ఆ రెండింటి మధ్య నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

మూడో రోజుకు గరగర పోయి, గుడ్డ మీద గుడ్డ లాగినట్టు మెత్తటి చప్పుడు మొదలైంది. బుధవారం ఎండ వాలేవేళ తోలుపట్టీ మీద లాగి, రెండో చెవి వెనక పొడిగా ఒక గీత గీసుకున్నాను. ఏమీ తెలియలేదు. గీశానో లేదోనని వేలు పెట్టి చూసుకుంటే నున్నగా ఉంది. ఇంట్లో ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని కాసేపు ఏడ్చాను.

గురువారం మంత్రాలయంలో ఏరు సన్నబడి బండల మధ్య పారుతోంది. అక్కడి క్షురకుడికి మొక్కు సంగతి చెబితే, నా చేతిలో కత్తి చూసి నవ్వి పక్కకు జరిగాడు. మేనమామ, అంటే నా భార్య అన్న, పిల్లను ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. నా భార్య తల తడిపింది. నేను కత్తి తెరిచాను. అప్పుడు అమ్మ కుంకుమ భరిణె తీసి, ఉంగరం వేలు ఏటి నీళ్లలో ముంచి, కుంకుమలో అద్ది, కత్తి వైపు చేయి చాపింది. మొదలుపెట్టే ముందు కత్తికి బొట్టు పెట్టడం మా ఇంటి ఆచారం. నాకు తెలియనిది కాదు. ఒక్క బొట్టే కదా, పెట్టనిచ్చి ఆ వెంటనే తుడుచుకుంటే పోయేది. నాలుగు రోజులు దాచినవాణ్ణి ఇంకొక్క క్షణం ఓర్చుకోలేకపోయాను.

"దానికి పెట్టద్దు!" అని అరిచి కత్తి వెనక్కి లాక్కున్నాను.

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది. నేను లాక్కున్నప్పుడు కత్తి పక్కకు తిరిగి, ఎండలో ఆ ఐదు మచ్చలూ ఆమెకు ఎదురుగా వచ్చాయి. ఆమె వాటిని చూసింది. తన వేలి కొన చూసుకుంది. ఆ కుంకుమను కత్తి పట్టుకున్న నా చేతి మణికట్టు మీద పెట్టి, "కానియ్యి నాయనా, బిడ్డ ఏడుస్తాది" అంది.

కానిచ్చాను. కొన వైపు సగంతోనే, గడ్డల చుట్టూ తప్పించుకుంటూ, జీవితంలో ఎన్నడూ లేనంత నిదానంగా చేశాను. పిల్ల మొదట గుక్కపట్టి ఏడ్చింది. నెత్తికి గాలి తగిలేసరికి ఆగి, తన తల తానే తడుముకుని అందరినీ వింతగా చూసింది. ఒక్క చుక్క నెత్తురు రాలేదు.

దర్శనమయ్యాక బస్సు కోసం వేపచెట్టు కింద బండ మీద కూర్చున్నాం. నా భార్య పిల్లను ఎత్తుకుని, తన అన్నతో కలిసి అంగళ్ల వైపు వెళ్లింది. అమ్మ కత్తి అడిగింది. ఇవ్వక తప్పలేదు. తెరిచి, ఉంగరం వేలు కొన ఒక్కో మచ్చ మీద ఆనించింది. ఐదింటి మీదా సరిగ్గా సరిపోయింది.

"ఇన్నేండ్లూ నేనే తింటినా దీన్ని" అంది.

"నీ తప్పు కాదమ్మా. తడి అట్లనే ఉండిపోయింది, అంతే" అన్నాను.

"నాకు ఏటి కాడ తెలియలేదులే. నువ్వు నాలుగు దినాలు ఒక్క తావున కుచ్చున్నెప్పుడే తెలిసింది. ఏదో పెద్దదే అయ్యుంటాది, లేకుంటే వీడు కుచ్చోడు అనుకున్యా. అది నా మీద పడేదేమో, అందుకే సెప్పడం లేదనుకున్యా." నవ్వబోయింది కానీ కళ్లు నిండిపోయాయి. కొంగుతో ముందు కత్తి తుడిచి, తర్వాత కళ్లు తుడుచుకుంది. కత్తి మూసి నా ఒళ్లో పెట్టింది.

గూట్లో పెట్టుకోవా అన్నాను.

"ఇంగ నీ తావనే ఉండనీ. మీ నాయన నాకిచ్చింది దాసిపెట్టమని గాదు. వాడు కుచ్చోను నేర్సిన దినం వానికియ్యి అని సెప్పి ఇచ్చినాడు. నువ్వు అడగల్లేదు, నేను సూస్తా ఉంటి."

ఎమ్మిగనూరు బస్సు వచ్చేదాకా ఆమె పక్కనే, ఆ బండ మీదే కూర్చున్నాను.